వీపు మీద వయసు

ముప్పై రెండు దగ్గర నేను నాలుగేళ్ళు ఆగిపోయాను. ఆగడం కష్టమేమీ కాదు, ఎవరడిగినా అదే అంకె చెబితే చాలు. నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి మొదటి రోజే నన్ను ఆంటీ అంది. ఆ సాయంత్రమే జుట్టుకి రంగు కొన్నాను. ఎదురింటి వరలక్ష్మి గారు వయసడిగితే ముప్పై రెండండీ అన్నాను. మరుసటి ఏడూ అడిగారు. మళ్ళీ అదే చెప్పాను. ఆవిడ మర్చిపోయుంటారని అనుకున్నాను గానీ, మా పాలకొల్లులో ఇంకొకరి సంగతి ఎవరూ అంత తేలిగ్గా మర్చిపోరు.

అలాంటి రోజుల్లో మదనపల్లె నుంచి సువార్త ఫోన్ చేసింది. తిరుపతిలో చదువుకునేటప్పుడు మాది ఒకటే హాస్టలు. తను నర్సింగు, నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు. సాయంత్రాలు కలిసి త్రోబాల్ ఆడేవాళ్ళం. నాకంటే ఏడాది చిన్నది కాబట్టి అప్పటి నుంచీ నన్ను అక్కా అనే పిలుస్తుంది.

"మంగక్కా, కుప్పంలో ఆడోళ్ళకి త్రోబాల్ పోటీ పెట్టినారు. ముప్పై ఐదు నిండినోళ్ళకే. మా జట్టులో ఒక మనిషి తక్కువుండాది. నువ్వు వస్తాండావు" అంది. వస్తావా అని అడగడం దానికి ఎప్పుడూ అలవాటు లేదు.

"నీకు ముప్పై ఐదు నిండాయేంటే?"

"మొన్న జూన్‌కి నిండినాయి. దీనికోసరమే రెండేండ్లుగా కాసుకోనుండాను."

ముప్పై ఐదు ఎప్పుడొస్తుందా అని కాసుకుని కూర్చున్న మనిషిని నేను అంతవరకూ చూడలేదు. ఆ ముచ్చటేదో దగ్గరుండి చూడాలనిపించింది. మా పాపని వాళ్ళ నాన్నకి అప్పగించి బయల్దేరాను. "నడుం పట్టేస్తే ఫోన్ చెయ్యి, వచ్చి ఎత్తుకొస్తాను" అన్నారు ఆయన. నాకు నవ్వు రాలేదు.

మదనపల్లె

శుక్రవారం పొద్దున్నే బస్సు దిగేసరికి చలి. మా గోదావరి వైపు ఫ్యాను కిందే చెమట పోస్తున్న రోజులవి. ఇక్కడ టీ కొట్టు దగ్గర మగవాళ్ళు చెవులకి మఫ్లర్లు చుట్టుకుని నిలబడ్డారు. సువార్త నన్ను చూడగానే తన స్వెట్టరు విప్పి నాకు తొడిగింది. అది నా మోచేతుల దగ్గరే ఆగిపోయింది. తను పొట్టి, చేతులు మరీ పొట్టి. ఆ చేతులతో అంత దూరం బంతి ఎలా విసురుతుందో హాస్టల్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఇడ్లీల్లోకి శెనక్కాయల చట్నీ, అంటే మన వేరుశెనగపప్పు చట్నీ, గరిటెలతో పోశారు. మా వైపు చట్నీని ఇడ్లీ పక్కన పెడతారు, ఇక్కడ ఇడ్లీని చట్నీలో ముంచేసి ఇస్తారు. రెండో ప్లేటుకి నేనూ అలాగే అడిగాను.

తిన్నాక టమాటా మార్కెట్టుకి తీసుకెళ్ళింది. మా జట్టు నాయకురాలు రెడ్డెమ్మ అక్కడ కాయలు ఏరే పని చేస్తుంది. ఆమెకి నలభై ఒకటి. కింద కూర్చుని, ఎదురుగా గుట్ట పోసిన టమాటాలని చూపు తిప్పకుండా మూడు పెట్టెల్లోకి విసురుతోంది. నాతో మాట్లాడుతూనే ఉంది, ఒక్కటీ తప్పు పెట్టెలో పడలేదు.

"దూరం పోయేదానికి దోరకాయలమ్మా. ఢిల్లీ దంకా పోవల్ల కదా. బాగా పండింది దూరం పోలేదు, ఈడనే అమ్మల్ల, ఈడనే తినల్ల" అంది.

"అయితే మంచివన్నీ పైఊళ్ళకి పోతాయన్నమాట."

"యాల మంచివి? పచ్చివి పోతాయి. రుసి ఉండేది మాకాడ ఉండాది" అని బాగా పండిన కాయ ఒకటి కొంగుతో తుడిచి ఇచ్చింది. అక్కడే నిలబడి కొరికాను. రసం మోచేతి దాకా కారింది. పాలకొల్లులో కిలో నలభై పెట్టి నేను ఇన్నాళ్ళూ వండింది టమాటా కాదని తెలిసింది. పదిహేను రూపాయలకి ఒక కిలో కొని సంచిలో వేసుకున్నాను.

సాయంత్రం ఒక బడి మైదానంలో ప్రాక్టీసు. ఏడుగురం. త్రోబాల్ తెలియనివాళ్ళకి ఒక మాట: వల అవతల నుంచి వచ్చిన బంతిని రెండు చేతులతో పట్టుకుని, వెంటనే ఒంటిచేత్తో అవతలికి విసరాలి. అంతే ఆట. నా మొదటి రెండు బంతులూ వలకే తగిలాయి. ఇరవై ఏళ్ళప్పుడైతే దానికి మూడు రోజులు అలిగేదాన్ని, హాస్టలంతా బతిమాలేది. ఇప్పుడు రెడ్డెమ్మ మోకాలి పట్టీ సర్దుకుంటూ, "పోనీలేమ్మా, వల కూడా మనదే" అంది. మూడో బంతి దాటింది. ఎందుకో చాలా సంతోషమేసింది.

ఆట మధ్యలోనే కుప్పం నుంచి సువార్తకి ఫోన్ వచ్చింది. పోటీ నడిపే ఆవిడ సరోజమ్మ టీచరు, పిల్లలకి ఆటలు నేర్పి రిటైరైన మనిషి. పంపిన పదో తరగతి సర్టిఫికెట్ చూశారట. దాని ప్రకారం సువార్తకి ముప్పై నాలుగే. ఆదివారం పొద్దున తొమ్మిదికల్లా ఇంకో రుజువేదైనా తెస్తే సరే, లేకపోతే ఆడనివ్వరు. ఆరుగురితో జట్టుని ఒప్పుకోరు. అంటే సువార్త లేకపోతే మేమెవ్వరం లేము.

"కాగితంలో ఒకేడు తక్కువుండాది నాకు" అని సువార్త నేలమీద కూలబడింది. "బడిలో చేర్చేప్పుడు సారు చెయ్యి నెత్తిమీంచి యిట్ల తిప్పి, అవతలి చెవి పట్టుకోమనేటోడు. చెవి అందితే ఐదేండ్లు నిండినట్టు. ఆరేండ్లకి నాకు అందిందంట. సారు ఐదని రాసుకున్నాడు. అందరికీ జూన్ ఒకటే పుట్టినరోజు."

మా వైపూ జూన్‌లో పుట్టినవాళ్ళు తక్కువేం కాదు. కానీ చెవి పరీక్ష నేను వినలేదు. అక్కడే అందరం చెయ్యి తల మీదుగా తిప్పి చూసుకున్నాం. మా అందరికీ చెవి దాటి దవడ దాకా అందింది. సువార్తకి ఇప్పటికీ చెవి దగ్గరే ఆగింది. పకపకా నవ్వుకున్నాం గానీ, దాని కళ్ళలో నీళ్ళు చూసి ఆపేశాం.

"పద్నాలుగేండ్లు వార్డులో డ్యూటీ చేసినాను. పిల్లోళ్ళు, ఇల్లు, డ్యూటీ. నాకంటూ ఏమన్నా కావల్లంటే ముప్పై ఐదు నిండనీ అని కాసుకున్నా" అంది. "లెయ్యి సువార్తా, పుంగనూరు పోదాం. చర్చీలో పుట్టిందెప్పుడో రాసుంటారు" అని లేపింది రెడ్డెమ్మ.

పుంగనూరు

శనివారం పొద్దున సువార్తా నేనూ పుంగనూరు చేరాం. అది తన పుట్టిల్లు. వాళ్ళమ్మ మార్తమ్మ గారు ఒకప్పుడు కలుపు తీతకి కూలికి పోయేవారు. ఇప్పుడు కొడుకు బడిలో గుమాస్తా, కూతురు నర్సు. ఆవిడ మాత్రం ఖాళీగా కూర్చోరు. చర్చిలో ఏ విందు జరిగినా వంట ఆవిడదే.

మా ముందు తలకాయంత రాగి సంగటి ముద్దలు పెట్టి, మధ్యలో గుంట చేసి పప్పు పోశారు. నేను నమలడం మొదలుపెట్టాను. ఆవిడ నా నోటి వంకే కాసేపు చూశారు.

"నమలగూడదమ్మా, మింగల్ల. నమిల్తే సంగటి కోపం చేసుకుంటాది."

మింగాను. నిజంగానే హాయిగా దిగింది. మా వైపు అన్నం మెతుకు మెతుకుగా ఉంటేనే మర్యాద. ఇక్కడ ముద్ద విడిపోతే వండినావిడకి పరువు తక్కువ.

చర్చి పుస్తకముండే బీరువా తాళం సంఘపెద్ద దావీదప్ప దగ్గర ఉంటుంది. మార్తమ్మ గారు కూడా మాతో బయల్దేరారు. వాళ్ళింటి ముందర పుంగనూరు ఆవు కట్టేసి ఉంది. నా నడుం దాకా కూడా రాదు. బొమ్మలా ఉందని మురిసిపోయి, సంచి కింద పెట్టి ఫోటోలు తీశాను. నేను ఫోటోలు చూసుకుంటుంటే అది నా కిలో టమాటాలూ తినేసింది. "దానికి పండినవే ఇష్టమమ్మా" అన్నాడు దావీదప్ప, మన్నించమన్నట్టు.

చర్చిలో బీరువా తీసి, గుడ్డలో చుట్టిన బాప్తిస్మాల పుస్తకం బల్ల మీద పెట్టాడు. పుట్టిన రోజు, బాప్తిస్మమిచ్చిన రోజు, తల్లిదండ్రుల పేర్లు, అన్నీ నీలం సిరాతో వరసగా రాసి ఉన్నాయి. సువార్త చెప్పిన సంవత్సరం తీసి వేలు పెట్టి చదివాడు. లేదు. ముందరి ఏడు తీశాడు. అక్కడ ఆగాడు.

"మీ తమ్ముడుండాడమ్మా ఈడ."

"తమ్ముడా? వాడు నాకంటే రెండేండ్లు చిన్నోడు కదప్పా" అంది సువార్త.

"ఈ పుస్తకం ప్రకారం నువ్వు చెప్పిన ఏడుకి ముందే పుట్టినాడు."

మార్తమ్మ గారు ముందుకొచ్చి, "ఇది పెద్దది, వాడు చిన్నోడు. అంతవరకూ నాకు తెలుసు. ఇంకా ఎనక్కి తిప్పు" అన్నారు. దావీదప్ప ఇంకో రెండేళ్ళు వెనక్కి తిప్పాడు. కింది నుంచి మూడో వరసలో సువార్తమ్మ అని ఉంది. తల్లి మార్తమ్మ.

వేళ్ళు మడిచి నేనే చెప్పాను. ముప్పై ఎనిమిది.

సువార్త బయటికెళ్ళి మెట్టు మీద కూర్చుంది. రుజువు దొరికింది కదా అని నేను వెనకే వెళ్ళాను. అది సంతోషించే ముఖం కాదు.

"ముప్పై ఐదు వచ్చిందని పండగ చేసుకున్నానక్కా. మూడేండ్లు యాడ పోయినాయి నాకు?"

మార్తమ్మ గారు వచ్చి పక్కన కూర్చున్నారు. చెప్పాలా వద్దా అన్నట్టు కొంగు నలిపారు కాసేపు.

"ఆరేండ్లప్పుడు బడికి తోలుకోని పోయినాను. చెవి అందలా. మళ్ళా ఏడాది తోలుకోని పోతే మళ్ళా అందలా. సారు రెండుసార్లూ ఎనక్కి పంపినాడు. నువ్వు చేనికాడ తమ్ముణ్ణి కాసుకోని కూసుంటే నేను కలుపు తీసినాను. మూడోసారి అందినప్పుడు నీకు తొమ్మిదో ఏడు. సారు ఐదని రాసినాడు. నేను ఏండ్లు మరిసిపోయినాను. యాడికీ పోలేదే అవి. నాకిచ్చినావు."

సువార్త తల్లి భుజం మీద తల పెట్టుకుంది. నేను నాలుగేళ్ళుగా దాచిపెట్టుకున్న ఏళ్ళు గుర్తొచ్చి సిగ్గేసింది. నావి ఎవరికీ ఇచ్చినవి కావు, ఊరికే దాచాను.

దావీదప్ప చర్చి ముద్ర వేసి కాగితం రాసిచ్చాడు. అది చేతిలో పట్టుకున్నాక సువార్తకి ఒక సంగతి తట్టింది. నా వైపు తిరిగి, "నీకు ముప్పై ఆరు కదా? అంటే పదహారేండ్లుగా చెల్లెల్ని పట్టుకోని అక్కా అంటాండానే నేను" అంది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "ఇప్పుడు నువ్వు పిలువు."

"సువార్తక్కా" అన్నాను. బాగానే ఉంది పిలవడానికి.

కుప్పం బస్సు

పుంగనూరు నుంచి కుప్పం దారి చాలావరకు రాళ్ళూ, మామిడి తోటలూ, రాగి చేలూ. నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది, రామకుప్పం వైపు మనిషి. తెలుగులో మొదలుపెట్టి అరవంలోకి వెళ్ళి మళ్ళీ తెలుగులోకి వస్తోంది. కూర్చోగానే ఏ ఊరు, ఏం పని, ఎంతమంది పిల్లలు అని అడిగింది. మా వైపు ఇవి అడగడానికి కనీసం ఒక స్టేజీ దాటాలి.

పోయిన వారం ఏనుగులు వచ్చి రాగి చేను తొక్కేశాయని చెప్పింది. "తినింది సారెడు, తొక్కింది ఎకరం" అంది. అయినా మళ్ళీ వేస్తుందట. ఏనుగు రాదని చేను వెయ్యరు, వస్తాదని మానరు అంది.

"నీకెన్నేండ్లమ్మా?"

నోరు దానంతట అదే "ముప్పై రెండు" అనేసింది. సువార్త కిటికీలోంచి తల తిప్పి నన్ను చూసింది. కుప్పంలో దిగేటప్పుడు నేను సీటు పట్టుకుని అమ్మా అంటూ లేచాను.

"మొగం ముప్పై రెండు, మోకాలు మాత్రం అబద్ధం సెప్పలేకుండాది" అంది పెద్దావిడ. బస్సులో నలుగురు నవ్వారు. నేను కూడా నవ్వాను, ఇంకేం చెయ్యను.

కుప్పం

ఆదివారం ఎనిమిదిన్నరకే మైదానంలో ఉన్నాం. మిగతా జట్టు రెడ్డెమ్మతో పాటు వ్యానులో వచ్చింది. చెట్టు కింద బల్ల వేసుకుని సరోజమ్మ టీచరు కూర్చుని ఉన్నారు. తెల్ల జుట్టు బిగించి ముడేసి, మెడలో విజిల్.

సువార్త చర్చి కాగితం బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. పక్కన సర్టిఫికెట్ నకలు పెట్టి మళ్ళీ చదివారు.

"నాలుగేండ్లు తేడా ఉండాదే" అన్నారు.

"చెవి అందలా టీచర్" అంది సువార్త.

టీచరు కళ్ళజోడు తీసేశారు. ఆవిడ తన కుడిచెయ్యి మెల్లగా తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకుని, "ఇట్లనే కదా" అన్నారు. "నేను కూడా శానామందిని ఎనక్కి పంపినానమ్మా ఇట్ల. చెయ్యి పొట్టిదో, కడుపుకు లేక ఎదగలేదో ఎవురు సూసినారు. పో, ఆడుకో పో. బడి కాగితం బడికి ఉండనీ, ఈడ దీని పని లేదు."

రెడ్డెమ్మ ఈల వేసింది. నలభై ఒక్కేళ్ళ ఆడమనిషి అలా ఈల వెయ్యడం మా పాలకొల్లులో చూడలేదు.

తర్వాత టీషర్టులు పంచారు. అక్కడి పద్ధతి అప్పుడు తెలిసింది. ఆ పోటీలో వీపు మీద నంబరు అంటే వయసే. ఎవరికి ఎన్నేళ్ళుంటే ఆ నంబరు. ఆట అయ్యాక తిరిగి ఇచ్చెయ్యాలి, వచ్చే ఏడు ఆ వయసుకి వచ్చినావిడ వేసుకుంటుంది. "ఏటేటా కొత్తవి యాడ తెచ్చేది? వయసు పెరిగేది మీకు, నా టీషర్టులకు కాదు" అన్నారు టీచరు.

నాకు ఇచ్చింది విప్పి చూస్తే జానెడు అంకెల్లో 36. చుట్టూ అందరూ ఫోన్లతో ఫోటోలు తీస్తున్నారు.

"ముప్పై రెండు లేదా టీచర్?" అన్నాను, సగం సరదాగా.

"ఉండాది. అది బయట కూసోని సప్పట్లు కొట్టేవాళ్ళకి."

తొడుక్కున్నాను. సువార్తకని ముందే తీసిపెట్టినది 35. ముప్పై ఎనిమిది నంబరు అవతలి జట్టులో ఒకావిడ వేసుకుంది. టీచరు నల్ల మార్కర్ తీసి సువార్తని వెనక్కి తిరగమన్నారు. ఐదుకి పక్కన రెండు వంపులు కలిపారు. ఎనిమిది అయింది. కొంచెం లావుగా, ఒక పక్కకి ఒరిగినట్టు ఉంది గానీ ఎనిమిదే. సువార్త మెడ తిప్పి చూసుకోడానికి గుండ్రంగా తిరిగింది, కుక్కపిల్ల తోక కోసం తిరిగినట్టు. కనబడక నన్ను ఫోటో తియ్యమంది. ఆ ఫోటో చాలాసేపు చూసుకుంది.

"బాగుండాది కదా" అంది.

"బాగుందక్కా" అన్నాను.

మొదటి ఆట గెలిచాం. ఆఖరి పాయింటు సువార్తదే. ఒకప్పుడు చెవి అందని ఆ పొట్టి చేత్తో బంతిని వల మీద నుంచి మూల గీతకి విసిరింది, అవతలివాళ్ళు కదిలే లోపే పడిపోయింది. రెండో ఆట తమిళనాడు అంచు ఊళ్ళ జట్టుతో. వాళ్ళలో నలభై ఏడు నంబరావిడ మమ్మల్ని పరుగులు పెట్టించింది. రెండు పాయింట్ల తేడాతో ఓడాం. నేను ఒక బంతి వదిలేశాను కూడా. ఎవరూ నన్నేమీ అనలేదు. నన్ను నేను కూడా ఏమీ అనుకోలేదు. తిరుపతిలో ఆడే రోజుల్లో ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను ఎవరు చూస్తున్నారా అని గోడ మీద ఉండేది. ఇక్కడ రెండు కళ్ళూ బంతి మీదే ఉన్నాయి. ఇంత సుఖం ఈ వయసులో దాచిపెట్టి ఉందని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ముప్పై రెండు దగ్గర ఆగేదాన్నే కాదు.

మజ్జిగ తాగి, నిమ్మకాయ చిత్రాన్నం తిని, చెట్టు నీడలో ఏడుగురం కాళ్ళు చాపి పడుకున్నాం. నడుం పట్టేసిన మాట నిజమే. మా ఆయనకి ఫోన్ చెయ్యలేదు.

మళ్ళీ పాలకొల్లు

ఇంటికొచ్చి సంచి విప్పితే టీషర్టు బయటపడింది. హడావుడిలో తిరిగి ఇవ్వడం మర్చిపోయాను. టీచరుకి ఫోన్ చేసి ఒప్పుకుంటే, ఉతికి కొరియర్‌లో పంపమన్నారు, ముప్పై ఆరుకి వచ్చే మనిషి రామకుప్పంలో సిద్ధంగా ఉందట. ఉతికి, మెట్ల దగ్గర తీగ మీద వీపు బయటికి కనబడేలా ఆరేశాను. కావాలనే ఆరేశానని ఇప్పుడు చెప్పడానికి మొహమాటం లేదు.

వరలక్ష్మి గారు కూరగాయల సంచితో మెట్లెక్కుతూ ఆగారు.

"ముప్పై ఆరేంటండీ, ఏదైనా జట్టు నంబరా?"

"నా వయసండీ."

ఆవిడ సంచి కింద పెట్టారు. "అదేంటి? పోయినేడు ముప్పై రెండన్నారుగా?"

"అప్పుడు చిన్నదాన్నండీ" అన్నాను.